డ్యాం పార్కులో అత్త నడక

మా మేనత్త పెళ్లిచూపులకు నన్నెందుకు వెంట తీసుకెళ్లేవారో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. వచ్చే ఆదివారం నన్ను చూడటానికి దాచేపల్లి వాళ్లు వస్తున్నారనీ, సాగర్ డ్యాం పక్క పార్కులో కలుద్దామన్నారనీ నిన్న అమ్మ చెప్పినప్పటి నుంచి, ఏ పనీ చేయబుద్ధి కాక, అదే గుర్తొస్తోంది.

మాచర్లలో మాది బట్టల కొట్టు. సంబంధం తప్పిపోతే బజారంతా తెలుస్తుందని మావాళ్లు చూపులు ఇంట్లో పెట్టేవారు కాదు. షికారుకు వచ్చినట్టు రెండు కుటుంబాలూ పార్కులో ఎదురుపడి, పచ్చికలో దుప్పటి పరుచుకుని, కాసేపయ్యాక పిల్లను అలా నడిచి రమ్మనేవారు. అత్తకు ఎడమకాలు కొంచెం పొట్టి. అందుకని నాయనమ్మ నన్ను ఆమె ఎడమచేతికి తగిలించి, "నువ్వే లాక్కుపోతున్నట్టుండాల. వదిలావంటే చూడు" అనేది. ఊయలల వైపు చూపు పోనీయకుండా, కూలీలు రాయి మీద రాయి మోసి కట్టిన ఆ పెద్ద గోడనే చూస్తూ నడిచేదాన్ని; అడుగు పడ్డప్పుడల్లా అత్త బరువంతా నా భుజానికి వచ్చేది.

అయినా ఎవరో ఒకరు కనిపెట్టేవారు. చివరిసారి వచ్చిన గురజాల వాళ్లు మాత్రం కనిపెట్టలేదు. పెళ్లికొడుకు తల్లి అప్పటికే వరస కలిపి మొక్కజొన్న పొత్తులు పంచుతోంది. అప్పుడు అత్త నా చెయ్యి విడిపించుకుని, ఒక్కతే కుంటుకుంటూ రెయిలింగ్ దాకా వెళ్లి, నీళ్లు చూసి, అంతే నిదానంగా తిరిగొచ్చింది.

"ఏందమ్మా, కాలు బెణికిందా?" అందావిడ.

"లేదండీ, పుట్టినప్పట్నుంచీ ఇంతే."

తిరుగు బస్సులో నాయనమ్మ, "ఇంకాసేపు పిల్ల చెయ్యి పట్టుకొనుంటే నీ సొమ్మేం పోయేదే" అని సణిగితే, అత్త కిటికీలోంచి చూస్తూ, "కాపరానికి కూడా దీన్ని పంపుతావా అమ్మా" అంది.

ఆ తర్వాత సంబంధాలు రాలేదు. అత్త చిలకలూరిపేటలో మిల్లు ఆఫీసులో చేరి, ఒంటరిగానే ఉండి, నాకు పుస్తకాలు పంపేది. ఇప్పుడా పార్కుకు రంగు దీపాలూ, ఫొటోలు దిగే అరుగులూ వచ్చాయట. పిల్లను నడిపించడం మాత్రం పోలేదు. నా కాళ్లు రెండూ సమానమే, అయినా తలచుకుంటేనే అలసటగా ఉంది.

కిందటి వేసవిలో, ఆసుపత్రి మంచం మీద, ఎక్కువ మాట్లాడే ఓపిక లేని అత్త నాతో అన్న చివరి మాట ఇది:

"నా బరువుకి నీ భుజం చానా నొప్పెట్టేదేమో గదే. ఒక్కసారన్నా అడగలా నేను."