పావురం నెత్తురు పూసిన చెయ్యి

1948 వేసవి. నాకు పదకొండేళ్లు. జగ్గయ్యపేటలో మా ఇంటి పెరట్లో నిలబడితే నైజాం వైపు తగలబడుతున్న ఊళ్ల పొగ కనిపించేది. కత్తి గాయాలతో జనం ఏరు దాటి మా వైపు వచ్చేవారు. అందుకే నాన్న తలగడ కింద కొడవలి పెట్టుకుని పడుకునేవాడు.

ఒక ఉదయం నాన్న నూతి దగ్గర పళ్లు తోముకుంటూ ఎడమ పక్కకు ఒరిగిపోయాడు. మూతి వంకర పోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. మాట మాత్రం స్పష్టంగా ఉంది. ఆ మాటే మమ్మల్ని మోసం చేసింది. అంతకు రెండేళ్ల ముందు మా మేనత్తకు కుడి పక్క పడిపోయి, మాట పూర్తిగా పోయింది. నాన్నకు మాట ఉంది కాబట్టి తెలివీ సరిగ్గానే ఉందనుకున్నాం. విస్తట్లో కుడి సగం తిని ఎడమ సగం వదిలేసినా ఎవరూ పట్టించుకోలేదు.

పక్షవాతానికి పావురం నెత్తురు మందని పెదనాన్న నమ్మకం. రెండు పావురాలు తెచ్చి మంచం పక్కనే మెడలు తెంపి, ఆ వేడి నెత్తురు నాన్న ఎడమ చేతికి మోచేతి దాకా రుద్దాడు. నాన్న అటు చూడనే లేదు.

మధ్యాహ్నం ఒళ్లు తుడుద్దామని అమ్మ ఆయన్ను పక్కకు తిప్పింది. ఆ చెయ్యి వచ్చి ఆయన గుండెల మీద పడింది.

"ఎవడ్రా నువ్వు! ఎవర్ని చంపొచ్చావురా?" అంటూ నాన్న కుడి చేత్తో కొడవలి లాగాడు.

"ఏవండీ, అది మీ చెయ్యేనండీ!" అంది అమ్మ.

"నాదైతే నెత్తురెందుకుంటదే? నా చెయ్యి నాకు తెలీదా? వాడు మంచం కింద నక్కాడు, తప్పుకో!"

మొదటి వేటు మణికట్టు మీద పడింది. ఎముక బయటపడింది. నాన్న అబ్బా అనలేదు. మంచం కిందవాడు అరవడం లేదని ఇంకా రెచ్చిపోయాడు. అడ్డం వెళ్లిన పెదనాన్నకు భుజం చీలింది. "దయ్యం పట్టిందిరా, కట్టెయ్యండి!" అని అరుస్తూ ఆయన గోడకు జారగిలబడ్డాడు. పిడి పట్టుకోబోయిన అమ్మకు నాన్న మోచెయ్యి తగిలి పన్ను ఊడింది. కొడవలి మళ్లీ లేచింది. ఈసారి పడితే చెయ్యి తెగిపోతుంది.

"నాన్నా, అది నా చెయ్యి! కొట్టకు!" అని అరిచాను.

కొడవలి గాల్లో ఆగింది.

"నీదా? ముందే చెప్పొద్దా? నా మంచంలో పెట్టావేమే?"

సాయంత్రం నందిగామ నుంచి వచ్చిన డాక్టరు గాయం కుట్టి, అమ్మను కూర్చోబెట్టి చెప్పాడు. "తలనొప్పి, వాంతులు లేవు, స్పృహ పోలేదు. నెత్తురు నాళం చిట్లి ఉండదమ్మా, పూడుకుపోయి ఉంటుంది. అది మెదడు కుడి సగానికి నెత్తురందించే నాళం. ఎడమ పక్కను కదిలించేదీ, అక్కడి నొప్పి తెలిపేదీ, అది నాదని గుర్తు చేసేదీ ఆ సగమే. మాట ఎడమ సగంలో ఉంటుంది. మీరు చెప్పిన మీ ఆడపడుచుకు దెబ్బ తగిలింది అక్కడ. దయ్యమూ లేదు, ఏమీ లేదు. ఆ పావురాల జోలికి మాత్రం మళ్లీ పోకండి."

నాన్న మరో పద్నాలుగు నెలలు బతికాడు. ఆ చెయ్యి తనదని ఎన్నడూ ఒప్పుకోలేదు. కుట్లు మానిన చోట కుడి చేత్తో మెల్లగా నిమురుతూ ఉండేవాడు. నేను బడికి బయల్దేరితే మంచం మీంచి కేకేసేవాడు.

"ఒసేయ్, చెయ్యి ఇక్కడే మర్చిపోయి పోతన్నావ్. పలక దేంతో పట్టుకుంటావే?"

"సాయంత్రం వచ్చి తీసుకుంటా నాన్నా. అందాకా నీ దగ్గరే ఉంచు."