కపూరేలో పంచదార

పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు మాంసం దుకాణంలో చెల్లదని నాకు నాంపల్లిలో తెలిసివచ్చింది. డెబ్భైల మొదటి రోజులు. నాది జంతుశాస్త్రం ఎమ్మెస్సీ, చివరి ఏడు. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఇంట్లో పుట్టినదాన్ని, ఒక సాయంత్రం కాలేజీ అయ్యాక వెళ్ళి, దుకాణం ముందు నిలబడి, "మేక వృషణాలు కావాలండీ" అన్నాను.

మొద్దు ముందు కూర్చున్న ముసలమ్మ కత్తి ఆపింది. "గవేంది బిడ్డా?"

"మగ మేకవి... అంటే... అవే."

నన్ను ఎగాదిగా చూసి పడీపడీ నవ్వింది. "కపూరే అనరాదూ! గంత సిగ్గెందుకు? మొగోళ్ళు తాకత్ కోసం తింటరు. మీ ఇంట్ల ఎవరికి?"

"తినడానికి కాదు, చదువుకోడానికి."

"గివి గూడ చదువుతరా!" అని పక్క దుకాణం వాళ్ళకి కూడా వినపడేలా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది గానీ, పొట్లం మాత్రం జాగ్రత్తగా కట్టి ఇచ్చింది.

ఇంటికెళ్ళేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "చేతిలో ఏవిటే?" అంది. కొత్తగా నేర్చిన మాట కదా, నోరు జారింది. "కపూరే."

"మంచిపని చేశావు. రేపు శుక్రవారం, హారతికి కర్పూరం లేదని అనుకుంటూనే ఉన్నాను," అంటూ చెయ్యి చాచింది. హిందీ సినిమాలు చూసి కపూర్ అంటే కర్పూరం అని నేర్చుకుంది మహాతల్లి. నేను పొట్లం వెనక్కి లాక్కుని, నూతి దగ్గరికి పరుగెత్తి, అక్కడినుంచే అసలు సంగతి చెప్పాను. ఆ సాయంత్రం నాకు తలమీంచి రెండుసార్లు స్నానం అయింది. పొట్లం రాత్రంతా పెరటి గోడమీద బుట్టకింద ఉంది.

అంత అవస్థ ఎందుకంటే, నా బతుకు ఆ పొట్లం మీదే ఉంది. యాభై ఆరులో ఆఫీసుతోపాటు కర్నూలునుంచి ఇక్కడికి వచ్చిన గుమాస్తా మా నాన్నగారు. చెడ్డవారు కాదు, తొందర మనిషి. తెనాలినుంచి ఇంజనీరు సంబంధం ఒకటి వచ్చి కూర్చుంది. "పరీక్షల్లోగా నీ ప్రాజెక్టు పూర్తయి, మీ మాస్టారు పీహెచ్‌డీకి తీసుకుంటే సరే. లేదంటే వైశాఖంలో ముహూర్తం," అన్నారు. నాకు పెళ్ళిమీద కోపం లేదు. మైక్రోస్కోపు వదలాలంటే మాత్రం ఏడుపొచ్చేది.

కణాల్లో చక్కెర ఎక్కడుందో వెతకడం నా పని. కాఫీలో వేసుకునే చక్కెర కాదు. చిన్న చిన్న చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకుని కణంలోని ప్రోటీన్లకు అంటిపెట్టుకుని ఉంటాయి. రంగులేని ఒక మందు వేస్తే, అవి ఉన్నచోటల్లా ముదురు గులాబీ రంగు తేలుతుంది. వీర్యకణం తయారయ్యేటప్పుడు ముందు ఒక గులాబీ చుక్క కనిపించాలి. కణం ఎదిగేకొద్దీ ఆ చుక్క పరుచుకుని తలమీద టోపీలా కూర్చోవాలి. టోపీ కుదరని కణానికి అండంలోకి దారి దొరకదు. అండం మాత్రం తక్కువదా, తనూ చుట్టూ చక్కెర నిండిన పొర కప్పుకుని కూర్చుంటుంది. ఇదంతా పుస్తకంలో ఉంది. నా స్లైడ్లమీద మాత్రం ముద్దపప్పులాంటి మసక తప్ప ఏమీ లేదు. ఒకటి కాదు, నాలుగు వారాలు అదే వరస.

"కణాలు నీ చేతికొచ్చేసరికే పాడైపోతున్నాయమ్మా," అన్నారు మాస్టారు. ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు. నేను వెళ్ళి ముసలమ్మ మీద విరుచుకుపడ్డాను, పాత సరుకు అంటగడుతోందని, పొద్దున్నే కోసి చెడకుండా ఉంచే మందులో వేసినా పాడవుతోందని.

ఆమెకి కోపం రాలేదు. "మాపటీలి కొని, తెల్లారినంక కోస్తే గట్లనే ఉంటది. మాంసం సంగతి నాకు తెల్వదా? పొద్దుగాల అయిదింటికి యాట కోస్తం. నీ మందు సీసా గీడికే పట్కరా. ఎచ్చగున్నప్పుడే ఏసుకో," అంది. రెండేళ్ళ ఎమ్మెస్సీలో ఎవరూ చెప్పని సంగతి అది. సిగ్గుతో చచ్చాను.

"చీకటితో ఒక్కదానివే కటికవాళ్ళ దుకాణానికా?" అంది అమ్మ. ఇక అయిపోయిందనుకున్నాను. "పద, నేనూ వస్తాను. నాన్నగారికి గుడికని చెబుదాం."

మొదటిరోజు అమ్మ సందు మొగలోనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. ముసలమ్మ అక్కడినుంచే కేకేసింది. "అమ్మా, ముక్కు మూస్కుంటే మూస్కో, గాని జర కుర్సీల కూసో!" మూడోసారికి అమ్మ కుర్చీలో కూర్చుంది. మన గోంగూర వాళ్ళకి పుంటికూర అని తెలుసుకుని, పచ్చడి ఎలా చేస్తారో అడుగుతోంది. నేను పక్కన కూర్చుని వెచ్చటి ముక్కలు చిన్నవిగా కోసి పచ్చటి మందులో వేస్తున్నాను. ఆ మందు అంటి నా వేళ్ళు ఎప్పుడూ పసుపు దంచినట్టే ఉండేవి. ఆ పొద్దుటి నడకలంత హాయి నాకు మళ్ళీ దొరకలేదు.

తరవాతి వారం రంగు వేసి చూశాను. గులాబీ! ఒక కణంలో చుక్క, పక్కదానిలో సగం టోపీ, ఆ పక్కన నిండు టోపీ. మాస్టారు చూసి, "పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టు," అన్నారు. ఎగిరి గంతేశాను. కానీ ఇంట్లో చెబితే నాన్నగారు పేపరు మడిచి, "చూద్దాం. ఇంజనీరు మళ్ళీ దొరకడు," అన్నారు. ఇచ్చిన మాట అంత తేలిగ్గా నీటిమూట అయింది. కన్నీళ్ళు ఆపుకోలేకపోయాను.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ మంచి జరీచీర కట్టుకుని బయల్దేరింది. "ఆ పంచదార టోపీలేవో నాకూ చూపించు."

ల్యాబులో ఒక కన్ను మూసి, మైక్రోస్కోపులోకి చాలాసేపు చూసింది. "నలుగురిని కన్నాను," అంది తలెత్తకుండానే. "లోపల ఏమవుతుందో ఇన్నాళ్ళకి ఒక్కరూ చెప్పలేదు. ఇంత అందంగా ఉంటుందా?"

అక్కడినుంచి నన్ను అబిడ్స్ పెద్ద పోస్టాఫీసుకి నడిపించింది. కార్డు కొని, బల్లమీద పెట్టి, తన గుండ్రటి అక్షరాలతో తెనాలికి జాబు రాసింది. మా అమ్మాయికి ఇంకా చదువుంది, మీరు మరో సంబంధం చూసుకోగలరు.

"నాన్నగారో?" అన్నాను.

"సాయంత్రం చెబుదాంలే. ముందు డబ్బాలో వెయ్యి."

వేశాను. నవ్వు ఆగలేదు. అమ్మ మాత్రం కొంగు సర్దుకుంటూ, కూర ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"మగవాళ్ళ టోపీలు చూశాం సరే. మన ఆడవాళ్ళ పంచదార పొర ఎప్పుడు చూపిస్తావు?"