ఉష్ మాస్టారి పొర

ఉష్ మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు: ల్యాబులో పొర పోసేటప్పటి నుంచి అది ఆరేదాకా ఎవరూ నోరు విప్పకూడదు. ఎవరైనా తుమ్మితే చాలు, వేలు పెదాల మీద పెట్టుకుని "ఉష్" అనేవారు. ఆ చప్పుడు తుమ్ము కన్నా పెద్దది.

ఆయన దగ్గర కొత్తగా చేరిన పరిశోధక అమ్మాయికి ఇది ప్రాణసంకటమైంది. పని సున్నితమైనదే. మూత బిగించిన డబ్బాలో గాజుపలక ఉంటుంది. మూతకున్న కన్నంలోంచి, ద్రావకంలో కరిగించిన ప్లాస్టిక్‌ను సిరంజితో పలక మీద పోసి, లోపలికి తేమగాలి పంపాలి. ద్రావకం ఆవిరవుతుంటే చల్లబడే పొర మీద మంచుబొట్లు బారులు తీరతాయి. అవి ఆరిపోయాక వాటి చోట తేనెపట్టులో ఉన్నట్టు కన్నాలు మిగులుతాయి. బారు కుదిరితే వెలుతురు పడగానే పొర రంగులీనుతుంది. చెదిరితే పాలు ఒలికిన మరకే.

"డబ్బాకి మూత ఉంది కదా మాస్టారూ, మన మాటలు లోపలికెలా పోతాయి?" అని ఆమె చేరిన రోజే అడిగింది.

"ఉష్."

ఇక అన్నీ సైగలే. సీసా మూత బిగుసుకుపోయిందని ఒకసారి చేతులు మెలితిప్పి చూపిస్తే, మెడ పట్టేసిందనుకుని ఆయన నొప్పుల మందు తెచ్చిచ్చారు. భార్య ఫోన్ చేసినా ఎత్తి ఊరుకునేవారు. "పొరా? సరే, వచ్చేటప్పుడు సబ్బు పట్రండి" అని ఆవిడే పెట్టేసేది.

"ఈయనతో వేగలేక చస్తున్నానే" అని అమ్మాయి తన ఇంట్లో అక్క దగ్గర మొత్తుకుంది.

"ఇంటికొచ్చి నువ్వు వాగేది వింటుంటే, ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తోంది" అంది అక్క.

మాస్టారు సెలవు పెట్టిన రోజున ల్యాబు డైరెక్టరు వచ్చి, పొర పోస్తున్న ఆమె వెనకే నిలబడి, "చేతకాకపోతే చెప్పమ్మా, ఇంకొకర్ని పెట్టుకుంటా" అని గదంతా మోగేలా వాయించాడు. ఆ రోజు పొర మరకలు మరకలుగా వచ్చింది. శుక్రవారానికి మంచి పొర చూపించకపోతే ఉద్యోగం లేదని తేల్చేశాడు.

శుక్రవారం ఆమె సిరంజి పట్టుకుందో లేదో, డైరెక్టరు తలుపు తోసుకుని వచ్చి నోరు తెరిచాడు.

"ఉష్" అన్నారు మాస్టారు.

"నేనడిగేదేంటంటే..."

"నోటి ఆవిరి సార్. తర్వాత పొర పాడైందంటే, అందరూ మిమ్మల్నే అంటారు."

డైరెక్టరు ముఖం కందగడ్డలా చేసుకుని గోడకి ఆనుకున్నాడు. ఉద్యోగం ఊడే వేళ కూడా ఈయనకి తన చాదస్తమేనా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది. పళ్లు నూరుతూనే పోసింది. ఆరేదాకా ముగ్గురిలో ఒక్కరూ కిక్కురుమనలేదు.

మూత తీస్తే పలక మీద ఎరుపు, పచ్చ, నీలం మెరిశాయి. డైరెక్టరు దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. తిట్టడానికి తెచ్చుకున్న కోపం ఆపాటికే చల్లారినట్టుంది. "బాగుందమ్మా. కానివ్వు" అని వెళ్లిపోయాడు.

మాస్టారు ఏమీ ఎరగనట్టు ఇంకో పలక డబ్బాలో పెట్టి, మూత బిగించి, కన్నంలోంచి పొర పోశారు.

"ఇప్పుడైనా నిజం చెప్పండి మాస్టారూ. మూసిన డబ్బాకి మాటలతో పనేంటి?"

"డబ్బాకేం పని లేదమ్మాయ్. పక్కన అరుస్తుంటే పోసే చెయ్యి వణుకుతుంది. నీకు ముందు పనిచేసిన పిల్లల మీద కూడా డైరెక్టరు గారు ఇలాగే అరిచేవారు."

"నాకు ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నీ చిరాకు పోతుంది. నువ్వు నా మీద అలా పళ్లు నూరుతుంటేనే కదా, ఈ ఉష్ తన నోరు మూయించడానికి కాదని ఆయన నమ్మేది."

ఆమెకు నవ్వు ఆగలేదు. డబ్బాలో పొర ఇంకా ఆరుతూనే ఉంది. ఆయన అడ్డు చెప్పలేదు.