దేవుని గూట్లో గోలీలు

బతకడానికి వలస వచ్చిన అమ్రోలిలో మగ్గాల షెడ్డు మీది గదిలో ఉంటుంది నీరజ. కింద పవర్‌లూములు నడుస్తుంటే పైన గోడలు వణుకుతాయి. అత్త వజ్రమ్మ పోయి ఏడాది కూడా కాలేదు. ఆ చప్పుడులో ఇంకా ఆమె గొంతు వినబడుతూనే ఉంటుంది: "ముట్టకు బిడ్డా, ముట్టకు."

నీరజకు ముట్టు సరిగా వచ్చేది కాదు. అండాలు సగం పెరిగి బుడగల్లా ఆగిపోతున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ముట్టు రావడానికి ఒక గోలీ, వచ్చాక అండం పెరగడానికి ఇంకో గోలీ రాసింది. "దూస్‌రే దిన్ సే చాలూ కర్‌నా," అన్నది. రెండో రోజు నుంచి కదా అని నీరజ తలూపింది.

ఆ గోలీలను వజ్రమ్మే దేవుని గూట్లో పెట్టింది. డబ్బాకు పసుపు రాసి, "మార్కండేయ సామీ, మా ఇంట్ల తొట్టెల కట్టు," అని మొక్కింది. గూడు ముట్టకుండా బయట కూర్చున్న రోజులు ఆ ఇంట్లో లెక్కకు రావు. తలకు పోసుకున్న రోజే మొదటి రోజు. ఆ మర్నాడు గూట్లోంచి గోలీ తీసుకోవాలి. అత్త చెప్పింది, కోడలు చేసింది.

కింది ఇంటి వెంకటవ్వ ఊరుకునేది కాదు. "ఏందే నీరజా, నెలనెలా తలకు పోసుకునుడే గాని, అసలు నీళ్లోసుకునుడు ఎప్పుడే?"

నల్లా కాడ ఆడవాళ్లంతా నవ్వేవాళ్లు.

"నీ నోట్ల మన్ను వడ!" అని లేచేది వజ్రమ్మ. "నా మనవణ్ని ఎత్తుకున్నంకనే నేను పోత, సూడు."

ఎత్తుకోకుండానే పోయింది. కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగింది.

దినాలు అయ్యాక చాలా రోజులు నీరజ దవాఖాన ముఖం చూడలేదు. చివరికి భర్త ఉమాకాంత్ బలవంతంగా తీసుకుపోయి బయట బెంచీ మీద కూర్చున్నాడు. లోపల డాక్టరమ్మ గోలీ ఎప్పుడెప్పుడు వేసుకున్నావని అడిగింది. నీరజ చెప్పింది.

డాక్టరమ్మ రాసేది ఆపింది. "నహానే కే బాద్? స్నానం అయ్యాకనా? అరే బెన్, ముట్టు మొదలైన రెండో రోజు! అంత ఆలస్యంగా వేస్తే ఏం పనిచేస్తుంది?" ఈసారి సరిగా వేసుకోమని, అప్పటికీ అండం పెరగకపోతే ఇక సూదులేనని చెప్పింది.

ఇంటికొచ్చి ఉమాకాంత్ కొత్త గోలీలు మళ్లీ తల్లి పెట్టిన గూట్లోనే పెట్టాడు. "అవ్వ పెట్టిన జాగల్నే ఉండనీ."

ముట్టు వచ్చింది. రెండో రోజు ఉమాకాంత్ పనికి పోయాడు. నీరజ గూడు ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. అంతలో కింద షిఫ్టు మారి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో వెనక ఎవరో దగ్గినట్టయింది. అచ్చం అత్త దగ్గు. నీరజ తిరిగి చూడలేదు.

"తిట్టు అత్తమ్మా, కొట్టు. ఇది మాత్రం తీస్కుంట."

చెయ్యి పెట్టింది. నీళ్లు కూడా లేకుండా గోలీ మింగింది.

తర్వాత స్కానింగులో డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి చూపించింది. అండం పెరిగింది, ఒక్కటి. గర్భం నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నది.

బయటికి రాగానే ఉమాకాంత్ ముఖం వెలిగిపోయింది. "సూసినవా? అవ్వ మొక్కు ఊకెనే పోలే. ఆ గూట్ల పెట్టినందుకే ఫలించింది."

నీరజ నోరు తెరిచింది. ఆ గూట్లో పెట్టినందుకే అన్ని నెలల గోలీలు మట్టిపాలయ్యాయి. లేకుంటే అత్త మనవణ్ని ఎత్తుకునే పోయేదేమో.

"అవును," అన్నది.

అతను రోడ్డు పక్కన బండి ఆపి, అవ్వ పేరు మీద కొడదామని కొబ్బరికాయ కొన్నాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చుంది నీరజ. ఇంటి దాకా ఏడుస్తూనే ఉంది. సంబురానికని అతను అనుకున్నాడు.