డెబ్భై నంబరు డై

ఆవిడ అసలు పేరు ఆ కరెంటు ప్యానెల్ బోర్డుల షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. అందరికీ లాగుడక్క. కేబులు చివర లగ్గు అనే రాగి గొట్టం తొడిగి ప్రెస్సుతో నొక్కాక, అది ఊడుతుందో లేదో లాగి చూసి సంతకం పెట్టడం ఆవిడ ఉద్యోగం. పంతొమ్మిదేళ్లుగా లాగుతూనే ఉంది. ఇంట్లో బట్టలారేసే తీగను కూడా ఒకసారి లాగి చూడందే తడిబట్ట వేయదు. "నా చెయ్యి లాగి చూశాకే పెళ్లికి ఒప్పుకుంది" అంటాడు మొగుడు.

ఎంత చెప్పినా తలకెక్కని మనుషులతో ఆవిడ ప్రాణం విసిగిపోయింది. లగ్గు ఇరుకైతే కేబుల్లో నాలుగు పోగులు కత్తిరించి దూర్చే మహానుభావులున్నారు. వదులైతే మడిచి కుక్కేవాళ్లున్నారు. ఇవేవీ కనబడకుండా తనిఖీకి ముందే ప్లాస్టిక్ తొడుగు వేసేయడంలో మాత్రం అందరూ ఒకటే. వదులు లగ్గు వేడెక్కుతుందనీ, ఏదో ఒకరోజు బోర్డే అంటుకుంటుందనీ చెప్పి చెప్పి ఆవిడ నోరు నొప్పి పుట్టింది.

ఆ రోజు ఆసుపత్రికి వెళ్లాల్సిన బోర్డు. మధ్యాహ్నం ఒక లగ్గు పట్టుకుని లాగితే ఊడి చేతిలోకి వచ్చేసింది. తొడుగు కోసి చూసింది. యాభై నంబరు లగ్గు మీద డెబ్భై అని అచ్చు పడి ఉంది. ప్రెస్సులో బిగించే ఉక్కు డై తన నంబరును రాగి మీద వదులుతుంది. పెద్ద డై వేస్తే నొక్కినట్టే కనబడుతుంది గానీ పట్టు ఉండదు. ఇరవై నాలుగు లగ్గులూ అంతే.

నొక్కింది షెడ్డులో అందరికన్నా పెద్దవాడు. అందరూ మామా అంటారు.

"ఏం మామా! కళ్లు ఎక్కడ పెట్టుకుని నొక్కావ్? ముప్పై ఏళ్ల అనుభవం ఇందుకేనా?" అని అందరి ముందూ కడిగేసింది.

కేకలకు ఫోర్‌మన్ వచ్చాడు. "వయసైపోయింది. రేపట్నుంచి ప్యాకింగుకి పంపిస్తా" అనేశాడు. పెట్టెలకు మేకులు కొట్టే పని అది. మామ తల వంచుకున్నాడే తప్ప నోరు మెదపలేదు.

ఆ మౌనానికి ఆవిడకు ఒళ్లు మండింది. సరైన డై అసలు ఉందో లేదో చూద్దామని విసవిసా వెళ్లి డైల పెట్టె తెరిచింది. యాభైది దాని గడిలోనే ఉంది. డెబ్భైది లేదు. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున మామ ఇదే పెట్టె పట్టుకుని వచ్చి, "యాభైది ఏదో కాస్త తీసివ్వమ్మా" అన్నాడు. తను ఇంకెవరి మీదో కేకలేస్తూ, చేతికందింది తీసి, చూడకుండా, "ఇదిగో, పో" అని అతని చేతిలో పెట్టింది.

మామను పక్కకు పిలిచింది. "ఇచ్చింది నేనని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే, నువ్వే ఎందుకు తీసుకోలేదని ఫోర్‌మన్ నన్ను అడుగుతాడు కదమ్మా. అంకెలు కనబడక ఏడాదైంది. అదీ బయటపడితే ప్యాకింగులో కూడా ఉంచరు."

ఆవిడ ఫోర్‌మన్ దగ్గరకు వెళ్లింది. "డై నేనిచ్చాను, చూడకుండా ఇచ్చాను. రిపోర్టులో నా పేరు రాయండి. మామ ఎక్కడికీ వెళ్లడు."

"అతను తీసుకోలేడా? నువ్వెందుకిచ్చావ్?"

తనిఖీ విషయంలో ఆవిడ ఇంతవరకూ ఒక్క అబద్ధం ఆడలేదు.

"అప్పుడు పెట్టె నా దగ్గరే ఉంది" అంది.

తిరిగొచ్చి మామ మీద విరుచుకుపడింది. "ముందు ఈ ఇరవై నాలుగూ కోసి మళ్లీ నొక్కు, నంబరు నేను చూసిస్తా. రేపట్నుంచి కళ్లజోడు లేకుండా ఆ ప్రెస్సు ముట్టుకున్నావో, నేనే వెళ్లి చెప్పేస్తా. ఏడాది నుంచి ఏం చేస్తున్నావ్? డాక్టరు దొరకలేదా?"

"వెళితే ఇక పని మానెయ్యమంటాడేమోనని భయమమ్మా" అన్నాడు మామ.

"ఖర్మ నాది! సాయంత్రం గేటు దగ్గరుండు. నేనూ వస్తా" అందావిడ.