ముసుగులో మా మరిది

మా మరిది పోయాడు. నెల దాటింది. ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. ఉదయం తొమ్మిదిన్నర. భీమవరంలో అతను పనిచేసే ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా, "అమ్మా, మీ మరిదిగారు డ్యూటీ ఎక్కుతూ ఎక్కుతూ కూలబడిపోయారండి. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే..." అని ఆగిపోయాడు. గుండె అన్నారు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. పదిన్నరకి పెళ్ళివాళ్ళు వస్తామన్నారు. నేను ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ అతను ఏ పని పెట్టుకున్నా నా కుట్టు మధ్యలోనే పెట్టుకున్నాడు. ఆఖరికి ఇది కూడా అంతే చేశాడు.

మీలో కొందరు అతన్ని చూసే ఉంటారు. ముఖం మాత్రం చూసి ఉండరు. కొన్నేళ్ళ కిందట టీవీలో వచ్చే రెజ్లింగ్ లాంటిది మన రావులపాలెం, భీమవరం, రాజమండ్రి వైపు కూడా పెట్టారు. అందులో నల్ల ముసుగు వేసుకుని వచ్చి, జనం చేత తిట్లు తిని, చివరికి ఓడిపోయి వెళ్ళేవాడు ఒకడుండేవాడు. పేరు 'ఉరుము'. అతనే మా మరిది. ఆ ముసుగు కుట్టింది నేను.

ముసుగు ఎందుకంటే, ఒట్టు వల్ల. మా మామగారు కుస్తీ మనిషి. నేను కాపురానికి వచ్చేసరికే ఆయన మంచంలో ఉన్నారు. ఏదో పందెంలో నడుము విరిగిందట. ఏడేళ్ళు మా అత్తగారు ఆయన్ను అటు తిప్పి, ఇటు తిప్పి, తుడిచి, తినిపించి సాకారు. ఆయన పోయాక చిన్నకొడుకును పిలిచి, తన నెత్తి మీద చెయ్యి పెట్టించుకుని, జన్మలో కుస్తీ జోలికి వెళ్ళనని ఒట్టు వేయించుకున్నారు. పెద్దకొడుకు, అంటే మా ఆయన, అరటిగెల ఎత్తాలన్నా ఇంకొకరిని కేకేసే మనిషి కాబట్టి ఆయనకు ఒట్టు అవసరం రాలేదు. మా అత్తగారి దృష్టిలో ఒట్టు తప్పడమంటే మామూలు విషయం కాదు. ప్రాణాల మీదికి వస్తుందని నిజంగా నమ్ముతారు.

అలాంటి ఒట్టు వేసిన మనిషి ఒకరోజు మధ్యాహ్నం నా షాపుకు వచ్చి, "వదినా, తలకి కొలత తీసుకుంటారా?" అన్నాడు. సంగతి విని, బుద్ధుందా అని అరిచాను. అతను ఏమాత్రం తొణకలేదు.

"ఒట్టేసింది నేను కదండి వదినా. ముసుగేసుకున్నాక నేను కాదుగా. ఉరుము ఎవరికీ ఒట్టు వెయ్యలేదండి."

ఈ తెలివి ఇంటర్‌లో చూపించి ఉంటే ఏ బ్యాంకులోనో కూర్చునేవాడు. నేను కుట్టనన్నాను. "అయితే గోనెసంచి తగిలించుకుని వెళ్తానండి" అన్నాడు. వెళ్ళే రకమే. గోనెసంచిలో ఊపిరాడక పోతే అదొక పాపం నాకెందుకని టేపు తీశాను.

మొదటి ముసుగు జాకెట్టు లైనింగు గుడ్డతో కుట్టాను. చెమటకు తడిసి మూతికి అంటుకుపోయింది. రెండోది సాటిన్. అది జారిపోయి, కళ్ళ కంతలు చెవుల దగ్గరికి వెళ్ళాయి. మూడోసారి లెగ్గింగు గుడ్డ తెచ్చి, వెనకాల తాడు పెట్టి బిగిస్తే అప్పుడు కుదిరింది. ఈ మూడింటి ట్రయల్సుకీ అతను వచ్చిన వేళలు చూడాలి. సరిగ్గా షాపు నిండా ఆడవాళ్ళున్నప్పుడు వచ్చి, కర్టెన్ వెనక్కి దూరి, ముసుగేసుకుని అద్దం ముందు అరగంట చేతులు ఊపేవాడు. బయట ఒకావిడ, "లోపల ఎవరమ్మా అంతసేపు?" అంటే ఏం చెప్పమంటారు? పెళ్ళిబట్టలండి, టైమ్ పడుతుంది అన్నాను. అతని వల్ల నేను ఆడిన అబద్ధాల్లో అది చాలా చిన్నది.

మొదటి ఆట రావులపాలెంలో. అరటి మార్కెట్టుకు కొంచెం ఇవతల ఖాళీ స్థలంలో పెట్టారు. అత్తగారితో దారపు కండెలు కొనుక్కొస్తానని చెప్పి బస్సెక్కాను. వెళ్ళింది అతని కోసం కాదు, కుట్టు నిలబడుతుందో లేదో చూసుకోవడానికి. ఇప్పటికీ అదే చెబుతాను. టెంటుహౌస్ బల్లలు చేర్చి, వాటి మీద ఎండిన అరటాకులు మందంగా పరిచి, పైన టార్పాలిన్ లాగి కట్టారు. అదే రింగు. చుట్టూ లారీ లోడు మీద బిగించే మోకులు. సాయంత్రం నాలుగింటికి ఎండ ఇంకా మాడ్చేస్తోంది. ఎవరైనా పడ్డప్పుడల్లా కింద ఆకులు కరకరమనేవి.

అతని ఎదుటివాడు 'కోనసీమ సింహం'. ఆరడుగుల పైన ఉంటాడు. అరటిగెలల లారీ నడుపుతాడు. సింహం మంచివాడు, ఉరుము దుర్మార్గుడు, సింహం గెలవాలి. ముందే అలా అనుకుంటారట. మా మరిది చెయ్యాల్సిందల్లా దుర్మార్గంగా ఉండటం. ఆ ఒక్కటే అతనికి చేతకాలేదు.

రింగులోకి వస్తూనే ముందువరసలో కూర్చున్న ఒక పెద్దాయన కనబడేసరికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. సరే, ఎవరూ గమనించలేదనుకుందాం. కాసేపటికి సింహాన్ని కింద పడేసి డొక్కలో ఒక్క తన్ను తన్నాడు. జనం అరిచారు. అంతవరకూ బాగానే ఉంది. తన్నినవాడు ఊరుకోవచ్చు కదా. గబుక్కున వంగి, సింహం భుజాన్ని చేత్తో తాకి, ఆ చేతిని ముసుగు మీదే కళ్ళకద్దుకున్నాడు. కాలు తగిలితే కళ్ళకద్దుకోవాలని మా అత్తగారు చిన్నప్పుడు నేర్పారు. మనిషికి తగిలినా, పుస్తకానికి తగిలినా, చాటకు తగిలినా అంతే. అలవాటు. మనిషిని పడేసి తంతున్నప్పుడు కూడా గుర్తుంటుందని ఎవరనుకుంటారు?

జనం ఒకటే నవ్వు. సింహం కూడా పడుకునే నవ్వుతున్నాడు. కింద పడ్డవాడు నవ్వడం, తన్నినవాడు "తగిలిందాండి?" అని అడగడం. నేను చీరకొంగు మూతికి అడ్డం పెట్టుకున్నాను, సిగ్గుతో.

ఆట నడిపినవాళ్ళు తర్వాత అతన్ని కడిగేశారు. ఇంటికి వస్తూ బస్సులో నేను మరోసారి కడిగాను. "ఇకమీదట జాగ్రత్తగా ఉంటానండి వదినా" అన్నాడు. రెండో ఆట భీమవరంలో ఒక కాలేజీ గ్రౌండులో. అక్కడ మొదటి రెండు తన్నులకూ పళ్ళ బిగువున ఆపుకున్నాడు, నాకు స్పష్టంగా కనబడింది. మూడో తన్నుకి చెయ్యి దానంతటది వెళ్ళిపోయింది. మూడో ఆట రాజమండ్రిలో. అప్పటికి ఫోన్లలో వీడియోలు తిరిగి, జనం దాని కోసమే రావడం మొదలుపెట్టారు. అతను తన్నగానే, "దణ్ణం! దణ్ణం!" అని గ్రౌండంతా అరుపులు. ఆట నడిపేవాళ్ళు ఇక తిట్టడం మానేసి, అది తమ ఆలోచనే అన్నట్టు మాట్లాడసాగారు.

మొదటి ఏడాది ఏడు ఆటలు చూశాను. ఏడూ ఓడిపోయాడు. ఒక్కసారైనా నిన్ను గెలిపించమని అడగరాదా అన్నాను ఒకరోజు. "పడటం కూడా పనేనండి వదినా. నేను సరిగ్గా పడకపోతే ఆయనకి దెబ్బ తగులుద్దండి" అన్నాడు. అవతలివాడి దెబ్బ గురించి అంత ఆలోచించే మనిషి తన వీపు సంగతి పట్టించుకునేవాడు కాదు. మోచెయ్యి తోలు లేచేది. ఒకసారి కనుబొమ్మ చిట్లింది. ఇంట్లో అత్తగారు అడిగితే అతను తలకాయ వంచుకుని నావైపు చూసేవాడు. అబద్ధం చెప్పే బాధ్యత నాది. "ఐసు దిమ్మ జారిందంట అత్తయ్యా" అనేదాన్ని.

నాలుగుసార్లు జారింది ఐసు దిమ్మ. అయిదోసారికి మా అత్తగారు నాకు చెప్పకుండా బస్సెక్కి భీమవరం వెళ్ళి, ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి, ఓనరుగారిని బయటికి పిలిపించారు. "మీ ఐసు దిమ్మలు మా అబ్బాయి మీద తప్ప ఇంకెవరి మీదా పడవేంటండి?" అని నిలదీశారు. ఆయన బిత్తరపోయి, రిజిస్టరు తెప్పించి, మా దగ్గర ఈ ఏడాది ఎవరికీ దెబ్బలు తగల్లేదమ్మా అన్నారట. మా మరిది అక్కడికక్కడే, "నేనే చెప్పలేదండి, సిగ్గేసిందండి" అని ఏదో సర్దాడు. ఆ ఓనరు మంచివాడు కాబట్టి ఉద్యోగం నిలబడింది. అతనికి పని సులువు చేయాలని ఎత్తే పని నుంచి తీసి కాటా దగ్గర కూర్చోబెట్టారు. ఎత్తకపోతే కండ పోతుందని అతను వారం రోజులు దిగులు పడ్డాడు.

ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ముసుగులు కుడతాను గానీ ఇక చూడటానికి రాను, నీ తరఫున అబద్ధాలు ఆడను అని చెప్పేశాను. "అమ్మకి తెలిస్తే అన్నం మానేస్తాదండి వదినా. ఒట్టు తప్పానని హడలిపోతాది" అన్నాడు. అది నిజమేనని నాకూ తెలుసు. అందుకే నోరు మూసుకున్నాను. తర్వాత అతను విశాఖ, విజయవాడ దాకా వెళ్ళాడు. నేను వెళ్ళలేదు, వివరాలు అడగలేదు. చిరిగిన ముసుగు ఇస్తే కుట్టి ఇచ్చేదాన్ని. వీపు మీద గాయానికి మందు రాయమంటే కసురుతూ రాసేదాన్ని. పెళ్ళి సంబంధాలు వస్తే, చూపుల రోజున పెదవి వాచి కూర్చునేవాడు. ఇలాంటి మనిషితో ఎలా వేగాలో ఎవరైనా చెప్పండి.

అతను పోయిన దగ్గర్నుంచి నా భయం ఒక్కటే. ఇప్పుడు అత్తగారికి తెలిస్తే, నేను వేయించుకున్న ఒట్టే నా కొడుకును తినేసింది అనుకుంటారు. ఆ మాట ఆవిడ మనసులో పడితే ఇక ఆవిడ మనకు దక్కరు. అందుకని వచ్చినవాళ్ళందరి దగ్గరా కాపలా కాశాను. ముసుగులు, ఫోన్, అన్నీ నా బీరువాలో పెట్టి తాళం వేశాను.

పెద్దకర్మ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ గుమ్మంలో వెలుతురు ఆగిపోయింది. చూస్తే సింహం. లోపలికి వచ్చి, ఫొటో ముందు నిలబడి, అంత మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మా ఉరుముగారండి" అంటాడు.

"ఉరుమేంటి బాబూ? ఎవరు నువ్వు?" అన్నారు అత్తగారు.

నేను అడ్డం పడ్డాను. "ఐసు లోడుకి వచ్చే లారీ డ్రైవరు అత్తయ్యా."

"కాదండి, నేను కోనసీమ సింహాన్నండి" అన్నాడు ఆ మహానుభావుడు. మా మరిదికి సరిపోయిన జోడీ. ఆపేలోగా మొత్తం చెప్పేశాడు. రింగు, ముసుగు, తన్నడం, కళ్ళకద్దుకోవడం. తను పైనుంచి పడ్డ ప్రతిసారీ మా మరిది తన భుజం అడ్డం పెట్టి బరువు కాసుకున్న సంగతి కూడా. అది నాకే తెలియదు. చుట్టాలందరూ తినడం ఆపేశారు.

అత్తగారు నావైపు తిరిగారు. "నువ్వా కుట్టింది?"

"నేనే అత్తయ్యా." వెంటనే అందుకున్నాను. "డాక్టరు చెప్పారు అత్తయ్యా, అది గుండె రక్తనాళంలో..."

ఆవిడ వినడం లేదు. "ఒట్టు నా నెత్తి మీద కదే వేయించుకున్నాను. తప్పితే పోవాల్సింది నేను. నేను గుండ్రాయిలా ఉన్నాను. అంటే ఆ ఒట్టు ఉత్తదే కదా" అన్నారు.

ఆవిడ ఫొటోవైపు, నావైపు వేలు చూపించారు.

"ఉత్తదానికి భయపడి ఇద్దరూ కలిసి నా దగ్గర దాచారా? చెబితే ఏం చేసేదాన్నే? మహా అయితే నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని. అయిదో రోజు చూడ్డానికి వచ్చేదాన్ని కదే!"

ఇన్నేళ్ళూ అతని మీద పెట్టుకున్న విసుగంతా ఆ మాటతో నా మీదికి తిరిగింది. ఆవిడ హడలిపోతారని మేమే అనుకున్నాం. ఒక్కసారి అడిగి చూద్దామని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. గ్రౌండు నిండా జనం నవ్వుతూ చప్పట్లు కొడుతున్నప్పుడు ఆవిడను మేం ఇంట్లో కూర్చోబెట్టి ఐసు దిమ్మల కథలు చెప్పాం. దానికి అతన్ని తిట్టడానికి అతను లేడు. అందుకే ఇలా రాసుకుంటున్నాను.

అత్తగారు లేచి సింహానికి తనే విస్తరి వేశారు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు.

"మొదటిది ఎక్కడ బాబూ?"

"రావులపాలెంలోనండి."

"గెలిచాడా?"

"లేదండి. ఓడిపోయారండి."

"రెండోది?"

"భీమవరమండి. అదీ... ఓడిపోయారండి."

ఆవిడ గారె వేశారు. మూడోది అడిగారు. అతను ముద్ద మింగలేక, తల ఎత్తలేక, ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఏడోదీ ఓటమే. అత్తగారు నెయ్యి గిన్నె ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళ మీదికి ముందుకు వంగి, "ఎనిమిదోది?" అన్నారు.

ఎనిమిదోది నాకూ తెలియదు. నేనూ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను.