శుక్రవారం నిప్పు

కాపురానికి వచ్చిన కొత్తలో నాకు పొయ్యి రాజేయడం చేతకాదు. చెప్పుకుంటే సిగ్గు. గోదావరి ఒడ్డున మా పుట్టింట్లో నిప్పు ఆరిపోయిన రోజే నాకు గుర్తులేదు. ఇంటినిండా ఆడవాళ్లం. ఎవరో ఒకరు రాత్రి నిప్పుల మీద బూడిద కప్పేవారు, ఇంకెవరో పొద్దున్నే ఊదేవారు. నన్ను సాగనంపుతూ అమ్మ రెండే మాటలు చెప్పింది. పని లేకుండా ఒకరి గడప తొక్కొద్దు. శుక్రవారం పూట ఇంటి నిప్పు బయటికి ఇవ్వొద్దు, లక్ష్మి పోతుంది. ఆ నిప్పును అసలు పుట్టించడం ఎలాగో మాత్రం చెప్పలేదు.

మా ఆయనది బస్తర్ రాజ్యంలో జంగిల్ నాకా కొలువు, అడవి తనిఖీ గేటు దగ్గర. కొట్టిన కలపకు ముద్రలు వేస్తూ నెలలో సగం రోజులు అడవిలో దౌరా తిరిగేవాడు. మేమున్నది కిష్టారం దాపున ఒక ఊరు. ఊరంటే ఇళ్లన్నీ ఒకచోట ఉండవు, ఎవరి చేను మధ్యలో వాళ్ల గుడిసె. మా గుమ్మంలోంచి కనిపించే పైకప్పు ఒక్కటే, దోర్ల తెగ ముసలావిడ ఒకావిడది. కూతుళ్లు అత్తారిళ్లకు పోగా ఆవిడా ఒక్కతే ఉండేది. అవ్వా అని పిలిచేదాన్ని. ఊళ్లో మిగతావాళ్ల మాట నాకు తెలిసేది కాదు. అవ్వ మిరపచేలలో కూలికి గోదావరి దాటి పోయొచ్చిన మనిషి, తెలుగు వచ్చు.

అగ్గిపుల్లలన్నీ తగలేసినా నా పొయ్యి అంటుకునేది కాదు. అందుకని రోజూ పొద్దున్నే పగిలిన కుండ పెంకు పట్టుకుని, గట్టు వెంట అవ్వ ఇంటికి నిప్పుకు పోయేదాన్ని. ఆవిడ నాలుగు నిప్పు కణికలు పెంకులో పెట్టి, "కూకో బిడ్డా, జావ తాగి పో" అనేది. జావ తాగి కబుర్లు చెప్పుకునేలోపు కణికలు చల్లారేవి. మళ్లీ పెట్టేది. రోజు మొత్తంలో నేను మనిషితో మాట్లాడేది ఆ కాసేపే. తర్వాత ఇక మా మేకతోనే.

వానలు పట్టాయి. పెంకులో నిప్పు సగం దారిలోనే చచ్చేది. తడిసి ముద్దయి మళ్లీ మళ్లీ వెనక్కి పోతుంటే అవ్వ తల కొట్టుకుంది.

"గిట్లయితే జరమొచ్చి పడ్తవు. అగ్గి ఉండలు జేసుడు నేర్పిస్త, రా."

గుగ్గిలం చెట్టు బెరడు మీద కారి గడ్డకట్టిన బంక అవ్వ ఇంట్లో బుట్టెడు ఉండేది. దాన్ని దంచి, పాత కుండలో సన్నని సెగ మీద కరిగించి, కాస్త ఇప్పనూనె పోయాలి. నూనె తక్కువైతే ఉండ ఆరాక పొడిపొడి అయిపోతుంది. అందులో బాడిశతో చెక్కిన చెక్కపొట్టు కలిపి, చేతులు తడి చేసుకుని, వేడి మీదే నిమ్మకాయంత ఉండలు చుట్టాలి. సన్నని సెగ అని అవ్వ చెబుతూనే ఉంది. నాకు తొందరెక్కువ, కట్టెలు ముందుకు తోశాను. కుండ భగ్గుమంది. అవ్వ మూకుడు బోర్లించి మంట చంపి, కమిలిన నా చెయ్యి చూసి, అది పెద్ద దెబ్బ కాదని తేలాక పడీపడీ నవ్వింది.

"పొయ్యి ముట్టియ్యమంటే ఇల్లు ముట్టియ్యబోతివి గద బిడ్డా!"

చివరికి ఉండలు కుదిరాయి. కట్టెల కింద ఒక ఉండ పెట్టి, బియ్యం కుండలో దాచిన అగ్గిపెట్టె తీసి ఒక్క పుల్ల గీస్తే చాలు, తడి కట్టె కూడా సణిగి సణిగి అంటుకునేది. ఇల్లంతా ధూపం వాసన. మా ఆయన దౌరా నుంచి వచ్చి మొదటి ముద్ద తింటూ, "ఏంది, నాకు నైవేద్యం పెడ్తున్నవా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మర్నాడు ఆయన మళ్లీ అడవికి వెళ్లిపోయాడు.

అప్పుడు తెలిసింది నేనేం పోగొట్టుకున్నానో. ఇక నిప్పుతో పని లేదు. పని లేకుండా అవ్వ ఇంటికి ఏమని పోను? పెంకు చూరు కింద బోర్లించి ఉంది. పొద్దున్నే పొయ్యి రాజేసుకుని దాని ముందు కూర్చుంటే వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మేకను కసిరితే నా గొంతుకు నేనే ఉలిక్కిపడేదాన్ని. అవ్వ మీద కోపం కూడా వచ్చింది. నా పీడ వదిలించుకోవడానికే నేర్పిందేమో అనుకున్నాను. ఉండల బుట్ట ఎత్తి వానలో పారబోయాలనిపించేది. అంత ఒంటరితనం నేను ముందూ ఎరగను, తర్వాతా ఎరగను.

ఒక రోజు ముసురులో అవ్వే వచ్చింది. తల మీద తాటాకు గొడుగు, చేతిలో పెంకు.

"పొయ్యి ఆరిపోయింది బిడ్డా. గింత అగ్గి పెట్టు."

నా నోటికి మొదట వచ్చిన మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. "ఇవాళ శుక్రవారం అవ్వా" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు. అలాగే నిలబడింది, పెంకులో వాన చినుకులు పడుతున్నాయి. ఈవిడ నాకు నిప్పు ఇచ్చిన రోజుల్లో ఎన్ని శుక్రవారాలు పోయాయో అప్పుడు గుర్తొచ్చింది. పోతే పోనీ లక్ష్మి అనుకుని పెంకు తుడిచి, నిండా కణికలు పెట్టాను.

"కూకో అవ్వా, జావ తాగి పో" అన్నాను, ఆవిడ యాసలోనే.

కూర్చుంది. కూతుళ్ల సంగతులు, మేక సంగతులు, మా ఆయన సంగతులు. పెంకులో కణికలు చల్లారాయి, మళ్లీ పెట్టాను. ఆవిడ గట్టు ఎక్కేసరికి వాన తెరిపిచ్చింది. ఇల్లు చేరేదాకా చూద్దామని గుమ్మంలో నిలబడ్డాను.

అవ్వ ఇంకా గట్టు మీదే ఉంది, ఆవిడ ఇంటి కప్పు మీంచి అప్పటికే పొగ లేస్తోంది. పొద్దుటినుంచీ మండుతున్న పొయ్యి పొగ, దట్టంగా, తీరిగ్గా.

గుమ్మం పట్టుకుని ఏడ్చాను. మర్నాడు పొద్దున, నా పొయ్యి భగభగా మండుతుండగానే, చూరు కింది పెంకు తీసుకుని నిప్పుకు బయలుదేరాను.